జేజి మళ్లుకునే గట్టు

నెలలో ఒకటో తేదీ, పదహైదో తేదీ వెంగమ్మ పొద్దున్నే తలకు పోసుకుంటుంది. తులసికోటకు చెంబెడు నీళ్లు పోసి, కదిరి నరసింహస్వామి పటానికి దండం పెట్టుకుని, కొలత టేపు భుజానికి తగిలించుకుని బోర్ల మీదికి బయల్దేరుతుంది. చక్రానికి చుట్టిన పసుపుపచ్చ టేపు అది. కొసన వేలంత ఇనుప గుండు ఉంటుంది. గుండు నీళ్లను తాకితే చక్రంలో ఎర్రలైటు వెలిగి కుయ్‌మంటుంది. అక్కడ టేపు మీద ఎన్ని మీటర్లుంటే నేల కింద నీళ్లు అంత లోతున ఉన్నట్టు. ఎర్రబండపల్లెలో అట్లాంటి బోర్లు ఎనిమిది. ఎనిమిదీ కొలిచి నోటుబుక్కులో రాసుకుని, వచ్చేటప్పుడు బడిగోడ మీది నల్లబోర్డు మీద సుద్దతో రాసిపెడుతుంది. నీటి సంఘం వాళ్లు ఆమెకు నేర్పిన పని అది.

వాళ్లు నేర్పనిది ఒకటుంది. బోరులోకి గుండు వదిలే ముందు వెంగమ్మ చెప్పులు విడిచి ఉత్త కాళ్లతో కొంచెంసేపు నిలబడుతుంది. కింద జేజి నడుస్తూ ఉంటే, ఆమె దాటిపోయేదాకా ఆగుతుంది. పెద్ద ప్రాణం, గుండు నెత్తిన తగిలితే పాపం కదా.

జేజి అంటే వెంగమ్మ మామ ఓబులేసును కన్నతల్లి అక్కులమ్మ. ఆమె పోయి ముప్పై ఒక్క ఏండ్లు. పెద్ద దినం అయిన మరునాటి నుంచి నేల కింద నడుస్తూనే ఉంది. మడమ గట్టిగా మోపే ఆ నడక, కాళ్ల కడియాలు ఒకదానికొకటి తగిలే చప్పుడు, అన్నీ బతికున్నప్పటి మాదిరే. వానలు బాగా పడిన ఏడు నిండు కడవ చంకన పెట్టుకున్న మనిషిలా తొణక్కుండా నిదానంగా పోతుంది. కరువు ఏడు ఒట్టి కడవ పట్టుకున్న మనిషిలా గబగబా తిరుగుతుంది. అప్పుడు చప్పుడు కూడా లోతుకు దిగిపోతుంది, చెవి నేలకు ఆనిస్తే గాని వినపడదు. ఊళ్లో పెళ్లి పందిరికి గుంజ పాతాలన్నా ముందు నేలను రెండుసార్లు తట్టి, "జేజీ, కొంచెం పక్కకు జరుగు" అని చెప్పి పాతుతారు.

ఊరంతా తిరిగే జేజి ఒక్క ఓబులేసు చేనులోకి మాత్రం రాదని ఊళ్లో అనుకుంటారు.

అన్నదమ్ముల భాగాలప్పుడు తూర్పు చేను పెద్దకొడుకు నరసింహులుకు, పడమటి చేను చిన్నకొడుకు ఓబులేసుకు వచ్చినాయి. నడుమ గట్టు. జేజి తూర్పు చేనంతా తిరిగి గట్టు దాకా వస్తుంది. అక్కడ నిలబడుతుంది. కడియాల చప్పుడు ఆగిపోతుంది. తరువాత మళ్లుకుని పోతుంది. ముప్పై ఒక్క ఏండ్లుగా ఇదే. ఎందుకని ఊళ్లో ఎవరినడిగినా ఒకటే మాట చెబుతారు: "చిన్నకొడుకు మీద అలిగింది."

అలగడానికి కారణం ఊరికి తెలిసిందే. ఆ ఏడు వానల్లేవు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న బావిలో ఊట పొద్దుకు రెండు గంటలే. అన్నకొక గంట, తమ్ముడికొక గంట, వంతు. వంతు తప్పితే మళ్లీ మరుసటి దినమే. ఓబులేసు చేను చెనక్కాయ ఊడలు దిగే అదునులో ఉంది, తడి తప్పితే కాయ పట్టదు. అతను మోటారు వేసి నీళ్లు కడుతుంటే అన్న ఇంటి నుంచి మనిషి పరుగెత్తుకుంటూ వచ్చి, అమ్మకు ఎగశ్వాస తగులుకుంది, తులసినీళ్లు పోద్దువు రమ్మన్నాడు. "వంతు అయిపోనీ, వస్తా" అని చెప్పి పంపినాడు ఓబులేసు.

వంతు అయిపోయి వచ్చేసరికి అంతా అయిపోయింది. అతను పోసిన నీళ్లు ఆమె పెదవి చివరి నుంచి చెంప మీదికి జారి దిండులో ఇంకిపోయినాయి.

అప్పటి నుంచి అతను గట్టు దాటి తూర్పుకు పోలేదు. అన్న పోయినప్పుడు కూడా ఊరు చుట్టి వచ్చి శవాన్ని చూసినాడు గాని, గట్టు మీదుగా రాలేదు. అంతేకాదు, కోడలు కాపరానికి వచ్చిన కొత్తలోనే ఒక మాట చెప్పి పెట్టినాడు. "నేను పోయేటప్పుడు నా నోట్లో ఎవురూ నీళ్లు పొయ్యొద్దండి. నాకు ఆ వంతు లేదు." వెంగమ్మ మగడు లారీ డ్రైవరు, నెలలో ఇరవై దినాలు దారి మీదే ఉంటాడు. అందుకని ఆ మాట మొయ్యవలసింది వెంగమ్మే. దాన్ని తలుచుకున్నప్పుడల్లా ఆమె స్వామి ముందర ఇంకో దీపం పెట్టేది.

ఓబులేసు పడమటి చేనులో చీనీ, అంటే బత్తాయి చెట్లు రెండు వందలు పెట్టినాడు. మూడు బోర్లు వేయించినాడు. మూడూ దుమ్మే ఎగజిమ్మినాయి. చెట్లు కొసల నుంచి ఎండుతున్నాయి. ఆ మాఘమాసం ఒకటో తేదీన వెంగమ్మ కొలతలు చూసుకుని వస్తుంటే, మామ గట్టు కాడ గొంతుకూర్చుని ఒక రాయికి పసుపు పూస్తున్నాడు.

"ఏం మామా అది?"

"శుక్రవారం బోరుబండి వస్తాది. ఈడ ఏపిస్తా."

"గట్టుకు ఇంత దగ్గరగానా?"

"అమ్మ నిలబడేది ఈడనే గదమ్మే. ఆమె నిలబడే కాడ నీళ్లుండక యాడికి పోతాయి? టెంకాయ పట్టి, కొయ్య పట్టి నీళ్లు చూసేటోళ్లు ఎవురూ వద్దు నాకు. నా ఇంటికి రానంటాది కదా, నేనే ఆమె కాడికి పోతా. గట్టు దాటి కాదులే, కిందికి."

అక్కడికి నలభై బారల దూరంలో, తూర్పు చేనులోనే ఊరికంతా తాగేనీళ్ల బోరు ఉంది. అందులో ఆ పొద్దు కొలత ఇరవై రెండు మీటర్లు. ఎండలు ముదిరితే ఇంకో నాలుగు మీటర్లు దిగుతుంది. ఆ పక్కనే ఇంకో బోరు పడి రేయింబగళ్లు తోడితే ఉగాదికల్లా ఊరి కుళాయిలు గాలి ఊదుతాయి. నీళ్లు అంత అడుగుకు పోతే జేజి ఎక్కడ నడుస్తుంది?

"మామా, తాగేనీళ్ల బోరు ఎండిపోతాది."

"మీ తిమ్మక్కత్త వరి పెడితే ఎండదు, నేను బోరేస్తే ఎండుతాదా?"

నరసింహులు పెండ్లాం తిమ్మక్క తూర్పు చేనులో ఏడాదికి రెండు కార్లు, అంటే రెండు పంటలు, వరి పెడుతుంది. గట్టుకు అవతలి నుంచి ఆమె అంతా వింటూనే ఉంది.

"నా వరి మీద పడి ఏడుస్తావెందుకు ఓబులేసూ? అత్త నా చేన్లో తిరుగుతాది, నీళ్లిస్తాది. కన్నతల్లిని వంతు లెక్కన చూసినోనికి ఎట్లిస్తాది?"

ఓబులేసు రాయికి పసుపు పూయడం ఆపలేదు. మెడ మాత్రం కొంచెం కిందికి వంగింది.

బుధవారం నాడు బడి ముందర నీటి సంఘం కూడింది. అనంతపురం నుంచి షఫీ సారు వచ్చినాడు. రాళ్లు, నేలలు చదువుకున్న మనిషి. నాలుగు నెలలుగా ఊరి చుట్టూ నేలలో ఇనుప మేకులు దిగేసి, తీగలు లాగి, పెట్టెలో కరెంటు పంపి కింద ఏముందో లెక్కలు కట్టుకున్నాడు. మెత్తని మనిషి. టీ ఇస్తే గ్లాసు కడిగి ఇచ్చేవాడు.

"అమ్మా, నా లెక్కలు తరువాత చెప్తా. ముందు మీరు ముగ్గుపిండితో మీ ఊరు గియ్యండి. బావులు, బోర్లు, వంకలు, చేన్లు, అన్నీ."

ఆడవాళ్లు లేచి బడి ముందర పేడనీళ్లు చల్లి ఊడ్చిన నేల మీద ఊరు గీసినారు. కొండ, వంక, వీధులు, గుడి, శ్మశానం. బోర్లకు టెంకాయ చిప్పలు పెట్టినారు. చేన్లకు కందిపప్పు, వరికి బియ్యం పోసినారు.

"ఇంకేమన్నా ఉందా?" అన్నాడు సారు.

"జేజి నడిచే దారి?" అన్నది వెంగమ్మ.

"అది లేకుంటే ఎట్లమ్మా? గియ్యి. ఎక్కడెక్కడ మళ్లుకుంటుందో అక్కడ పసుపుబొట్టు పెట్టు."

వెంగమ్మ పసుపు తీసుకుని మొదట మామ గట్టు కాడ బొట్టు పెట్టింది. పక్కన కూర్చున్న మద్దిలేటి పెండ్లాం, "మా చేన్లో కూడా జేజి చింతచెట్టు దాటి రాదు మే. ఆడ ఒకటి పెట్టు" అన్నది. "మీ చేన్లోనా? ఎందుకు?" అని అడిగింది వెంగమ్మ. "ఏమో తల్లీ. నా కోడలు వంట సరిగ్గా చెయ్యదని అనుకుంటి." అందరూ నవ్వినారు. దక్షిణం వైపు నుంచి గొర్రెల కాపరి ఓబక్క, శ్మశానం నడుమకు వచ్చి మళ్లుకుంటుందని చెప్పింది. వంక కాడ ఒకటి. ఉత్తరాన కొండ కింద ఇంకొకటి.

బొట్లు పెట్టేకొద్దీ నవ్వులు తగ్గినాయి. ఏడో బొట్టు పెట్టి వెంగమ్మ లేచి నిలబడింది. కొండ నుంచి శ్మశానం దాకా ఏడు పసుపుబొట్లు, దారం పట్టి పెట్టినట్టు ఒకే గీతలో ఉన్నాయి.

షఫీ సారు ముగ్గు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చినాడు. తన సంచిలోంచి కాగితం తీసి ముగ్గు పక్కన పరిచినాడు. కాగితం మీద కూడా కొండ నుంచి శ్మశానం దాకా నల్లగీత ఉంది.

"ఇది రాతిగోడ. కొండ మీద వరసగా నల్లబండలు ఉన్నాయే, మీ మేకలు ఎక్కుతాయే, అది ఈ గోడ తలకాయే. ఎప్పుడో భూమి పగిలి కింద నుంచి కరిగిన రాయి పైకి వచ్చి గోడ కట్టేసింది. తూర్పున నీళ్లు దానికి ఆనుకుని నిలబడతాయి. పడమటికి దాటవు. నీళ్లలో నడిచే మనిషి అయినా అంతే."

వెనక బడి మెట్ల మీద ఓబులేసు కూర్చుని ఉన్నాడు. వస్తాడని ఎవరూ అనుకోలేదు. అతను లేచి ముగ్గు అంచు దాకా వచ్చినాడు.

"అంటే సారూ... అలిగి కాదా?"

"అలక సంగతి నాకు తెలీదు పెద్దాయనా. గోడ సంగతి తెలుసు."

"అలిగిన మనిషి ఇంత సూటిగా గీత గీసినట్టు అలుగుతాదా మామా?" అన్నది వెంగమ్మ మెల్లగా.

ఓబులేసు వంగి గట్టు కాడి పసుపుబొట్టును చూసినాడు. పైకి, కిందికి ఉన్న మిగతా ఆరింటినీ చూసినాడు. ముప్పై ఒక్క ఏండ్లు ఒక్క బొట్టునే చూసిన మనిషి.

"గోడకు తల ఉంటాది కదా సారూ? ఎంత లోతున?" అని అడిగినాడు చివరికి.

"మీ గట్టు కాడ నేల నుంచి తొమ్మిది మీటర్లకు. అక్కడిదాకా రాయి పుచ్చిపోయి మెత్తగా ఉంది. నీళ్లు ఇప్పుడు ఇరవై రెండులో ఉన్నాయి. తొమ్మిది కంటే పైకి వచ్చినాయనుకో, గోడ తల మీదుగా పొర్లి తమంతట తామే నీ చేనులోకి వస్తాయి. బోరు అక్కర్లేదు. బోరు వేస్తే మాత్రం ఈ జన్మకు తొమ్మిదికి రావు."

"మోటార్లు రాకముందు ఉమ్మడి బావిలో వంగి చెంబుతో ముంచుకునేటోళ్లం," అన్నాడు ఒక ముసలాయన. "అప్పుడు పడమటి వంక కూడా పారేది."

"అప్పుడు అమ్మ బతికే ఉండె," అన్నాడు ఓబులేసు.

శుక్రవారం పొద్దున బోరుబండి ఊళ్లోకి వచ్చింది. దాని వెనక గొట్టాల బండి. గట్టు కాడ నిలబెట్టి పనివాళ్లు దిగినారు. ఓబులేసు పసుపురాయి పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అవతల మడిలో నాట్లు వేయిస్తున్న తిమ్మక్క నడుము నిటారు చేసి చూస్తోంది. వెంగమ్మ ఇంటి కాడి నుంచే చూస్తోంది. పోయి ఒక మాట చెబుదామని రెండుసార్లు చెప్పులు వేసుకుని రెండుసార్లు విడిచింది. ఇది ఆమె చెప్పే మాట కాదు.

ఓబులేసు చెప్పులు విడిచినాడు. గట్టు ఎక్కినాడు. కొంచెంసేపు దాని మీద నిలబడి, కాలు తీసి అవతల పెట్టినాడు.

లోతు నుంచి కడియాల చప్పుడు వచ్చింది. ఒట్టి కడవ నడక. గబగబా వచ్చి, సరిగ్గా అతని పాదాల కింద ఆగింది. పనివాళ్లు కూడా పార కింద పెట్టి నిలబడినారు. అతను అట్లే ఉన్నాడు. పెదవులు కదిలినాయి గాని ఏమన్నాడో ఎవరికీ వినపడలేదు. ఎప్పుడూ మళ్లుకుని పోయే సమయం దాటినా జేజి పోలేదు. కదల్లేదు.

చాలాసేపటికి అతను వెనక్కి తిరిగి చూడకుండానే చెయ్యి ఎత్తి, బండిని తీసుకుపొమ్మని సైగ చేసినాడు.

"ఓబులేసూ," అని పిలిచింది తిమ్మక్క మడిలో నుంచి. ఆమె గొంతు ముందటి రోజుల మాదిరి లేదు. "ఈ కారుకు నాట్లు పడిపాయె. వచ్చే కారు నుంచి వరి పెట్టను పో. నీళ్లను తొమ్మిదికి తెప్పిద్దాం."

"నీకు బియ్యం లేకుంటే ముద్ద దిగదు కదా వదినా."

"కొర్రలు తింటా. నువ్వు ముప్పై ఏండ్లు ఉప్పులేని ముద్ద తిన్నట్టు బతికినావు, నేను రెండేండ్లు కొర్రలు తినలేనా?"

తిమ్మక్క చెప్పినట్టే చేసింది. ఆమెను చూసి మద్దిలేటి, ఇంకో ఇద్దరు కూడా వరి మానుకున్నారు. సంఘం వాళ్లు వంకకు అడ్డంగా రాతికట్టలు కట్టినారు. ఓబులేసు చీనీచెట్లలో నూట ఎనభై కొట్టించినాడు. ఆ దినం ఇంట్లో పొయ్యి వెలిగించొద్దన్నాడు. ఎండిన కొమ్మల మధ్య కూర్చుని, ఒక్కొక్క మొద్దు మీద చెయ్యి పెట్టి లేచినాడు. ఇంటి దగ్గరి ఇరవై చెట్లకు మాత్రం వెంగమ్మ కడవలతో నీళ్లు మోసింది. మిగతా చేనులో కొర్ర, కంది చల్లినారు.

అప్పటి నుంచి ప్రతి కొలత దినం వెంగమ్మ ఇంటికి వచ్చేసరికి ఓబులేసు అరుగు మీద కాచుకుని ఉండేవాడు.

"ఎంతమ్మే?"

"పంతొమ్మిదిన్నర మామా."

"ఊఁ."

మరుసటి ఎండాకాలం ఇరవై ఒకటికి దిగింది. ఆ పదహైదు దినాలు అతను అరుగు మీదికి రాలేదు. వానలకు పదహారు. తరువాత పదునాలుగు. ఆ మరుసటి ఏడు స్వామి దయ చూపినాడు. మృగశిర నుంచి హస్త దాకా వదలకుండా కురిసింది. పన్నెండు. పదిన్నర. జేజి నడక పైపైకి వచ్చింది. తూర్పు వీధిలో పిల్లలు ఉత్త కాళ్లతో నిలబడి, అరికాళ్లకు చక్కిలిగింత అని నవ్వేవాళ్లు. గట్టు దాకా వచ్చి మళ్లుకోవడం మాత్రం అట్లే ఉంది.

కార్తీకంలో ఓబులేసు మంచం పట్టినాడు. ఆయాసం. కదిరి ఆసుపత్రిలో ఐదు దినాలు పెట్టుకుని, ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

ఒకటో తేదీన కొలత తొమ్మిది మీటర్ల ముప్పై. చెప్తే ఓబులేసు కండ్లు మూసుకుని, "ఇంగ ముప్పై," అన్నాడు. అంటే సెంటీమీటర్లు. ఆయన లెక్క ఎప్పుడూ తప్పలేదు.

పదహైదో తేదీ పొద్దున ఊపిరి ఎగదన్నడం మొదలైంది. మగడికి ఫోను చేస్తే లారీ నాగపూరు కాడ ఉంది, రెండు దినాలు పడుతుందన్నాడు. తిమ్మక్క గట్టు మీదుగా పరుగెత్తుకుంటూ వచ్చింది. గ్లాసులో నీళ్లు, తులసాకు పట్టుకుని మంచం పక్కన కూర్చుంది. ఓబులేసు పండ్లు బిగబట్టి మొగం గోడవైపు తిప్పుకున్నాడు.

"ఇప్పుడన్నా నోరు తెర్సు మొండోడా," అన్నది ఏడుస్తూ. "కొలతకు పో వెంగమ్మా. వాని ప్రాణం దాని మీదనే ఉంది."

వెంగమ్మ ఆ దినం తలకు పోసుకోలేదు. దీపం పెట్టలేదు. టేపు తీసుకుని ఎండలో తాగేనీళ్ల బోరు కాడికి ఉరికింది. అక్కడ మాత్రం చెప్పులు విడిచి నిలబడింది. కింద చప్పుడు లేదు. గుండు వదిలింది. నరసింహా, నరసింహా అనుకుంటూ వదిలింది. ఐదు. ఏడు. ఎనిమిది. ఎనిమిదిన్నర.

కుయ్‌మంది.

టేపు మీద వేలు పెట్టి చూసింది. ఎనిమిది మీటర్ల తొంభై. ఇంకోసారి వదిలి చూసింది. ఎనిమిది మీటర్ల తొంభై.

అప్పుడు వినపడింది. కడియాల చప్పుడు వెనక నుంచి వచ్చి, ఆమెను దాటి, గట్టు వైపుకు పోతోంది. వెంగమ్మ టేపు అక్కడే పడేసి చప్పుడు పక్కనే నడిచింది. గట్టు వచ్చింది. చప్పుడు ఆగింది. వెంగమ్మ కూడా ఆగింది. మోపు ఎత్తుకున్న ఆడమనిషి గడప దాటేముందు పాదం తడుముకున్నట్టు కింద ఒకసారి మెల్లగా రాసుకున్న చప్పుడైంది. తరువాత మడమ గట్టు అవతల మోపింది.

కొట్టేసిన మొద్దుల నడుమ నుంచి, కొర్ర కోసిన మోళ్ల కింద నుంచి, ఇరవై చీనీచెట్ల కింద నుంచి జేజి కొడుకు ఇంటికి నడిచి వచ్చింది. వాకిట్లో తులసికోట కాడ ఒక్క క్షణం ఆగింది. గడప దాటింది. తిమ్మక్క చేతిలో గ్లాసు నీళ్లు వలయాలుగా కదిలినాయి. మంచం కింద కడియాలు రెండూ కలిసి ఒకసారి మోగి నిలిచిపోయినాయి.

ఓబులేసు మొగం ఇటు తిప్పినాడు.

"మామా, ఎనిమిదీ తొంభై," అన్నది వెంగమ్మ.

తెలుసన్నట్టు తల ఆడించినాడు. తిమ్మక్క చేతిలోని గ్లాసును చూపించినాడు. వెంగమ్మ అది తీసుకుని, తులసాకుతో పాటు నాలుగు చుక్కలు ఆయన నోట్లో పోసింది. ఒక్క చుక్క చెంప మీదికి జారలేదు. గొంతు కదిలింది. మింగినాడు.

"వంతు అయిపాయెమ్మా," అన్నాడు నేలకేసి. "వస్తాండా."

తిమ్మక్క ఆయన కండ్లు మూసింది. వెంగమ్మ మంచం పక్కనే నేల మీద చెయ్యి ఆనించి కూర్చుంది. కాసేపటికి జేజి కదిలింది. వచ్చినదారినే వెనక్కి, గడప దాటి, తులసికోట దాటి, చెట్ల కింద నుంచి గట్టు వైపుకు. నడక మారింది. ఒక పక్క బరువుంది. నిండు కడవ బరువు కాదది. కడవ ఉంటే మనిషి తొణక్కుండా నిదానంగా నడుస్తుంది. ఇది రెండు అడుగులు వేసి ఆగి, పైకి ఎగదోసుకుని, మళ్లీ రెండు అడుగులు వేసే నడక. వెంగమ్మ ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషి. బిడ్డను చంకన ఎత్తుకుని చేనికి పోయే తల్లి అట్లే నడుస్తుందని ఆమెకు తెలుసు.